మూడు చుక్కల వాత

నిత్యానందం మాస్టారు నోటుపుస్తకాలు పంచడు, విసురుతాడు. బాగున్నవి మాత్రం తన చేత్తో బల్ల మీద పెడతాడు. సోమవారం రెండో పీరియడులో పార్వతి పుస్తకం ఆయన చేతిలోంచి మెల్లగా పార్వతి ముందుకు దిగింది. వీరమ్మ పుస్తకం అదే బల్లకు రెండో చివర దబ్బున పడి, జారి, కింద మట్టిలో బోర్లా పడింది.

తొమ్మిదో తరగతిలో నలభై ముగ్గురు. ఆడపిల్లలు ఇద్దరే. వాళ్ళిద్దరికీ మాస్టారి కుర్చీకి కుడివైపు, గోడవారగా ఒక బల్ల వేశారు. మగపిల్లలు ఆ బల్లతో మాట్లాడరు. మాట్లాడకూడదని ఎవరూ చెప్పలేదు, అందరికీ తెలుసు. అందుకని పార్వతి మాట్లాడితే వీరమ్మకు ఆ రోజు బడికి వచ్చినట్టు ఉండేది. పార్వతి రాని రోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా "ప్రెజెంట్ సార్" అన్న ఒక్క మాటతో సరి.

వీరమ్మ వంగి పుస్తకం తీసి మట్టి దులిపింది. అయిదో లెక్క పక్కన ఎర్రసిరాతో "చూచి వ్రాసినది" అని ఉంది.

"నిలబడు," అన్నాడు మాస్టారు. "పార్వతి పుస్తకం చూసి రాశావా?"

"లేదు సార్."

"అయిదు లెక్కలూ వరస తప్పకుండా ఒకటే. పోనీ, నాలుగు ఎవరు చేసినా అలాగే వస్తాయనుకుందాం. తండ్రీ కొడుకుల లెక్క ఎలా వచ్చింది నీకు? తండ్రి వయసు కొడుక్కి మూడింతలు, పన్నెండేళ్ళకు రెండింతలు. క్లాసు మొత్తం ఎక్స్ అనుకుని చేశారు. ఎక్స్ లేకుండా తేడా పట్టుకుని చేసింది పార్వతి ఒక్కతే. భేష్ అని రాశాను. నువ్వూ అదే దారిలో వచ్చావు, మధ్యలో రెండుసార్లు కొట్టేసి, సిరా ఒలకబోసి. చూసి రాయడానికి కూడా కాస్త శుభ్రం ఉండాలమ్మా."

మగపిల్లలు నవ్వారు. వీరమ్మ పార్వతి వైపు చూసింది. పార్వతి తన పుస్తకం అంచును గోటితో నొక్కుతూ కూర్చుంది.

తల్లి గొర్రెకూ పిల్లకూ వయసులో ఎడం ఎన్నేళ్ళయినా మారదు. మందలో పెరిగిన వీరమ్మకు ఈ సంగతి ఒకరు నేర్పాల్సిన పని లేదు. ఇప్పుడు ఎడం కొడుకు వయసుకు రెండింతలు, పన్నెండేళ్ళ తర్వాత కొడుకు అప్పటి వయసంత. ఎడం అదే కాబట్టి కొడుకు వయసు పన్నెండేళ్ళలో రెట్టింపయింది, అంటే ఇప్పుడు పన్నెండు. పలక మీద మూడుసార్లు చేసి చూసుకుని మురిసిపోయిన లెక్క అది. ఆ మాట చెబుదామని నోరు తెరిచింది గానీ నలభై ఒక్క మంది నవ్వు ముందు గొర్రెల సంగతి ఎత్తడానికి నోరు రాలేదు.

నిత్యానందం మాస్టారిది బాపట్ల వైపు. చెడ్డవాడు కాదు. లెక్కల్లో ఆయన్ని మించినవాడు మార్కాపురంలో లేడనేవారు. ఆయనకున్న జబ్బల్లా శుభ్రం. ఎడమ పక్క రెండు వేళ్ళ మార్జిను, పైన తేదీ, ఏమిచ్చారు, ఏం కనుక్కోవాలి, వరస కింద వరస, సమానం గుర్తులన్నీ ఒకదాని కింద ఒకటి, జవాబు కింద రెండు గీతలు. "లెక్కకు ముఖం ఉండాలి. ముఖం చూసి మనిషిని పోల్చుకున్నట్టు లెక్కను పోల్చుకోవాలి," అనేవాడు. పోల్చుకోవడంలో తానే పొరపడతానని ఆయన ఎప్పుడూ అనుకోలేదు.

"గురువారం లోపల ఈ అయిదు లెక్కలూ మూడేసి సార్లు రాసుకురా. పార్వతి పుస్తకం తీసుకుపోయి ముందు పెట్టుకో. ఉన్నది ఉన్నట్టు దించు. అలాగైనా లెక్క ఎలా పెట్టాలో తెలుస్తుంది. శనివారం కాంపోజిట్ లెక్కలకు జాబితా రాస్తున్నాను. ఇరవై మందే. చూసి రాసేవాళ్ళ పేరు అందులో ఉండదు."

పార్వతి పుస్తకం ఇవ్వడానికి ఒక్క క్షణం ఆలస్యం చేసింది. అంత మాత్రమే.

ఆ జాబితా సంగతి వీరమ్మ ఇంట్లో కూడా తెలుసు. అందులో ఉంటే పై చదువులకు దారి, లేకపోతే జనరల్ లెక్కలు. తండ్రి కాటమరాజుకు కాంపోజిట్టూ తెలియదు, జనరలూ తెలియదు. బడి తెరిచిన రోజు ఒకటే చెప్పి పోయినాడు: "సారు నువ్వు లెక్కలకు పనికొస్తావంటే చదువు. రావంటే జీవాల ఎంబడి రా. నడుమ ఉండేది ఏం లేదు."

*

వీరమ్మ ఉండి చదువుకునే మేనత్త శ్రీశైలమ్మ ఇల్లు పలకల గనుల దారిలో ఉంది. ఆమె పలకల కార్ఖానాలో అంచులు నున్నగా రుద్దే పని చేస్తుంది. ఏ వేలికీ వేలిముద్ర మిగల్లేదని తనే నవ్వుతుంది. వాకిలి నిండా విరిగిన పలక ముక్కలు. ఆ ముక్కలే వీరమ్మకు చిత్తు పుస్తకాలు.

పొద్దు ఉండగానే వీరమ్మ అరుగు మీద రెండు పుస్తకాలూ తెరిచి పెట్టుకుంది. పార్వతిది వాళ్ళ నాయన శెట్టిగారి దుకాణంలో అమ్మే మేలురకం, నున్నటి కాగితం. తనది సంతలో కొన్నది. ఎంత పలచగా కలిపినా సిరా తాగి చుట్టూ పాకించే కాగితం. ఒకచోట కొట్టేస్తే వెనక పేజీలో కూడా కొట్టేసినట్టే. కానీ అట్ట మాత్రం రెండిటికీ ఒకటే, దుకాణంలో బెల్లం పొట్లాలు కట్టే దళసరి కాగితం. శుక్రవారం సాయంత్రం పార్వతి అడిగి తీసుకుపోయింది.

"నీ పుస్తకం ఇట్లియ్యి వీరమ్మా, అట్ట ఏసుకొస్తా. నా దానికి ఏసినప్పుడే నీ దానికీ ఏస్తా," అంది. శనివారం పొద్దున అట్ట వేసి, మూలలు మడిచి, పైన గుండ్రటి అక్షరాలతో పేరు రాసి తెచ్చి ఇచ్చింది. తన కోసం ఒకరు ఇంత పని చేయడం వీరమ్మకు కొత్త. ఆ సాయంత్రం పుస్తకాలు దిద్దడానికి ఇచ్చేదాకా ఆ పేరును వేలితో తడుముతూనే ఉంది.

విరిగిన పలక అంచు పెట్టి మార్జిను గీస్తుంటే శ్రీశైలమ్మ కార్ఖానా నుంచి వచ్చింది. కాళ్ళు కడుక్కుని, కొంగుతో చేతులు తుడుచుకుని, చదువు వచ్చినదానిలా పార్వతి పుస్తకం తీసి పేజీలు తిప్పింది.

"ఎంత కుదురుగా రాసింది," అంది. తర్వాత ఆగింది. పుస్తకం వెలుతురుకు తిప్పి కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది. "ఇదేందే, శెట్టిగారి పిల్లకు మన వాత ఎక్కడిది?"

"ఏ వాత?"

"ఇదిగో. పైన రెండు చుక్కలు, కింద ఒకటి. మీ నాయన జీవాలకు చెవి కింద ఏసేది ఇదే గదా. ఇన్ని గీతల్లో నాకు చదవనొచ్చేది ఇదొక్కటే."

వీరమ్మ పుస్తకం లాక్కుంది.

లెక్క మధ్యలో "కాబట్టి" అనడానికి మాస్టారు బోర్డు మీద మూడు చుక్కలు పెడతాడు, కింద రెండు, పైన ఒకటి. అది చెప్పిన రోజు వీరమ్మ బడిలో లేదు, మందకు టీకాలు వేస్తుంటే పోయింది. తిరిగి వచ్చి బోర్డు చూసి తనకు తోచినట్టు అర్థం చేసుకుంది. మాస్టారికీ ఒక వాత ఉంది, తాను తేల్చి తెంపిన వరసకు పెట్టుకుంటున్నాడు అనుకుంది. అయితే మాకూ ఉంది గదా అనుకుంది. అప్పటి నుంచి తన బుర్రతో వచ్చిన వరస చివర తమ వాత పెట్టేది, పైన రెండు, కింద ఒకటి. బోర్డు మీదిది చూసి దించిన వరసకు పెట్టేది కాదు. తనది కానిదానికి వాత వేయడం ఎంత తప్పో వాళ్ళ ఇంట్లో పసిపిల్లలకు కూడా తెలుసు.

వేలు పెట్టి ఒక్కో వరసా పోల్చింది. అయిదు లెక్కల్లో పదిహేడు చోట్ల తన వాత ఉంది. పార్వతి పుస్తకంలోనూ పదిహేడు. మూడో లెక్కలో తాను పెట్టని రెండు వరసలకు అక్కడా లేదు. ఎంత ముద్దుగా పెట్టింది, ఒక్క చుక్క కూడా పాకలేదు. అదీ లెక్కలో భాగమే అనుకుని పెట్టింది, పాపం.

అట్ట కోసం కాదు. పుస్తకం కోసం.

కోపం రావాల్సిన చోట వీరమ్మకు ఏడుపు వచ్చింది. అత్త చూడకుండా మొహం మోకాళ్ళలో పెట్టుకుంది.

*

మంగళవారం బల్ల మీద ఇద్దరూ మామూలుగానే కూర్చున్నారు. మధ్యాహ్నం పార్వతి వేయించిన శనగలు కాగితంలో పోసి మధ్యలో పెట్టింది.

"నా పుస్తకం చూసి రాస్తాండావా?" అంది, శనగపొట్టు ఊదుతూ.

"రాస్తాండా."

"అంతా చూసినావా?"

"చూసినా."

పార్వతి పొట్లం ఇటు జరిపింది. వీరమ్మ శనగలు తీసుకుంది. తీసుకోకపోతే తెలిసిపోతుందని తీసుకుంది. ఎందుకు చేసినావు అని అడగడానికి నాలుగు మాటలు చాలు. కానీ ఆ నాలుగు మాటలూ అంటే రేపటి నుంచి ఈ పొట్లం మధ్యలో ఉండదు. అనకపోతే శనివారం తర్వాత తానే ఈ బల్ల మీద ఉండదు. ఎటు చేసినా పోయేది ఒకటి ఉంది.

ఆ సాయంత్రం తండ్రికి సంగటి తీసుకుని ఊరి బయటి చేలకు పోయింది. తొలకరి ఇంకా పడలేదు. దున్నని చేలల్లో ఎరువు కోసం మందలు పెట్టించుకుంటున్నారు రైతులు. కాటమరాజు మంద దగ్గర లేడు. రెండు చేల అవతల ఓబులయ్య మంద పక్కన, కర్ర భుజాన పెట్టుకుని నిలబడి ఉన్నాడు. వీరమ్మ అక్కడికే నడిచింది.

"ఏం మామా, వానొచ్చేట్టుందా?" అంటున్నాడు కాటమరాజు.

"వస్తే బాగుండు," అన్నాడు ఓబులయ్య, మందకు అడ్డంగా నిలబడి.

ఇద్దరూ వాన గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. తర్వాత కాటమరాజు ఆ సంగతీ ఇందులో భాగమే అన్నట్టు, "మా జీవాలు రెండు మీ మందలో కలిసినాయి మామా," అన్నాడు.

ఓబులయ్య పక్కకు జరిగినాడు. కాటమరాజు లోపలికి పోయి రెండు గొర్రెలనూ పట్టి, చెవులెత్తి, ఎవరికీ చూపించకుండా తాను మాత్రం చూసుకుని తోలుకొచ్చినాడు. ఓబులయ్య భార్య ముంతతో మజ్జిగ తెచ్చి ఇచ్చింది. కాటమరాజు తాగి, ముంత కడిగి ఇచ్చినాడు.

దారిలో వీరమ్మ అడిగింది. "వాళ్ళే తోలుకున్యారు గదా నాయనా. దొంగ అని ఎందుకనలేదు?"

"దొంగ అంటే నలుగురిని పిలవాల, వాడు కాదనాల, నేను ఔననాల. వాత ఉండంగా నోరెందుకు? కలిసినాయి అన్నామనుకో, వాడూ తలెత్తుకొని ఇంటికి పోతాడు. మన జీవం మనకొస్తది."

"అంతేనా?"

"అంతే. ఇంగ ఈ ఏడు వాడు ఉండే పక్క మనం మేపం. మనం ఉండే పక్క వాడు రాడు. అది ఒకరు చెప్పే పని లేదు." కాటమరాజు వెనక్కి తిరిగి చూసి, కర్రతో గొర్రెను అదిలించినాడు. "నీళ్ళకాడ ఎదురుపడితే పలకరించుకుంటాం. ఏదో ఒకటి, వాన గురించి."

*

బుధవారం రాసింది, గురువారం పొద్దున మిగిలింది రాసింది. కొత్త పుస్తకం కొనే వీలు లేదు. అందుకని నిబ్బు బాగా విదిలించి, సిరా తక్కువ ముంచి, ఒక్కో అంకె ఆరాక పక్క అంకె వేసింది. మార్జిను, తేదీ, సమానం గుర్తుల వరస. మాస్టారు చెప్పినట్టే ఉన్నది ఉన్నట్టు దించింది. రాసిన ప్రతిసారీ పదిహేడు వాతలూ ఎక్కడివి అక్కడ పెట్టింది. పెట్టేముందు మాత్రం చాలాసేపు ఆగింది. అవి వదిలేసి రాస్తే మాస్టారికి ఏమీ తెలియదు. పార్వతి మిగులుతుంది.

గురువారం మాస్టారు ఆమె పుస్తకం తన బల్ల మీదే తెరిచాడు. మొదటి పేజీ చూసి తలాడించాడు. రెండో పేజీలో కనుబొమలు ముడిపడ్డాయి.

"బాగానే రాశావు. ఈ చుక్కలేమిటి? తలకిందులు పెట్టావు. అదీ వరస చివర."

"పార్వతి పుస్తకంలో అట్లనే ఉన్నాయి సార్."

ఆయన పార్వతి పుస్తకం తీశాడు. అదే పేజీ మీద తన చేత్తో భేష్ అని రాసినప్పుడు చూడని చుక్కలు ఇప్పుడు చూశాడు. శుభ్రంగా ఉన్నదాన్ని ఎవరూ రెండోసారి చూడరు.

"పార్వతీ, ఇవి ఏమిటి?"

పార్వతి లేచి నిలబడింది. "కాబట్టి అని సార్."

"కాబట్టి వరస ముందు పెడతారు. పైన ఒకటి, కింద రెండు. ఇక్కడ ఈ రెండు వరసలకు ఎందుకు పెట్టలేదు?"

పార్వతి పుస్తకం వైపు చూసింది, గోడ వైపు చూసింది. మాస్టారు వీరమ్మ పుస్తకంలో పాత పేజీలు తిప్పాడు. పాకిన సిరాలో, కొట్టేసిన వరసల పక్కన, మరకలనుకుని వదిలేసిన చోటల్లా మూడేసి చుక్కలు. ఆ రెండు వరసల దగ్గర లేవు.

"నువ్వు చెప్పు."

"మా జీవాలకు ఏసే వాత సార్," అంది వీరమ్మ. గొంతు బయటికి వచ్చేసరికి ఆమెకే ఆశ్చర్యమేసింది. "నేను సొంతంగా తెంపిన వరసకు పెడతా. ఆ రెండూ మీరు బోర్డు మీద రాసినవి. మావి కావు."

క్లాసులో ఎవరూ నవ్వలేదు.

"మరి అవి పార్వతి పుస్తకంలోకి ఎలా వచ్చాయి?"

వీరమ్మ పక్కకు చూడలేదు. చూస్తే ఆ మాట చెప్పలేకపోతుంది. "కలిసినాయి సార్," అంది.

"కలిసినాయంటే?"

బాపట్ల మాస్టారికి అర్థం కాలేదు గానీ వెనక బల్లల మీద మందల ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు తలలు దించుకున్నారు. పార్వతి కూర్చోమనకుండానే కూర్చుంది. మాస్టారు ఆ ముఖాలు చూశాడు, మళ్ళీ రెండు పుస్తకాలూ చూశాడు. లెక్కల మనిషి గదా, ఆలస్యంగానైనా జవాబు వచ్చింది.

ఆయన కలం తీసి వీరమ్మ పుస్తకంలో "చూచి వ్రాసినది" మీద అడ్డంగా ఒక గీత గీశాడు. ఎర్రసిరా పాకి, గీత కాస్తా బొట్టంత మరకయింది. సుద్దముక్కతో అద్దాడు. మరక ఇంకా పెద్దదయింది.

"ఈ కాగితం సిరా తాగుతుందే," అన్నాడు.

"అవును సార్."

"చెప్పొచ్చుగా."

"మీరు అడగలేదు సార్."

ఆయన లేచి బోర్డు మీద రెండు రకాల చుక్కలూ పక్కపక్కన పెట్టాడు. కింద రెండుంటే కాబట్టి, పైన రెండుంటే ఎందుకంటే. "వీరమ్మ పెట్టినవి తప్పు," అన్నాడు బోర్డు వైపు తిరిగే. "లెక్కలు మాత్రం వీరమ్మవే." ఆ పూట పుస్తకాలు వేటినీ విసరలేదు.

*

శనివారం జాబితాలో వీరమ్మ పేరు పందొమ్మిదోది. పార్వతి పేరు లేదు. సాయంత్రం గంట కొట్టి మగపిల్లలంతా వెళ్ళిపోయాక పార్వతి సంచి సర్దుకుంటూ, గురువారం తర్వాత మొదటిసారి నోరు తెరిచింది.

"దొంగ అన్నా బాగుండేది నువ్వు."

"అననే లేదు గదా."

"అదే. అనింటే నేనూ నిన్ను ఏదో ఒకటి అనేదాన్ని. తిట్టుకునేవాళ్ళం, నాలుగు రోజులకు కలిసేవాళ్ళం." సంచి తాడు ముడి వేసి, విప్పి, మళ్ళీ వేసింది. "మా నాయన దుకాణానికి ఉన్ని తెచ్చేది మీవాళ్ళే. కలిసినాయి అంటే అర్థం నాకు తెల్దనుకున్యావా?"

వీరమ్మకు ఆ మాట గుండెలో దిగింది. తండ్రి నేర్పిన మర్యాదే తాను పాటించింది. పార్వతి తలెత్తుకుని ఇంటికి పోవాలనే అంది. పోతూనే ఉంది పార్వతి, తలెత్తుకునే, వెనక్కి తిరగకుండా.

ఆదివారం కాటమరాజు వచ్చినాడు. నల్లమల వైపు మబ్బు పట్టింది, మందను అటు తోలుతున్నాడు, మళ్ళీ దసరాకే రావడం.

"సారు ఏమన్యాడు?"

"పనికొస్తానన్యాడు నాయనా."

"మరి మొగం అట్ల పెట్టినావేంది?"

"ఏంలేదు. వానొస్తే బాగుండు."

కాటమరాజు కూతురిని ఒకసారి చూసి, గొంగడి భుజాన వేసుకుని లేచినాడు.

సోమవారం నుంచి కాంపోజిట్ వాళ్ళకు వేరే గది. ఆ గదిలోనూ గోడవారగా ఆడపిల్లల బల్ల వేశారు. వీరమ్మ అలవాటు కొద్దీ ఒక చివరికి జరిగి కూర్చుంది. తర్వాత చూసుకుని మధ్యకు వచ్చింది. అట్ట మీద గుండ్రటి అక్షరాలు అలాగే ఉన్నాయి. పుస్తకం తెరిచి మార్జిను గీసింది, తేదీ వేసింది, మాస్టారు ఇచ్చిన లెక్కను వరస కింద వరసగా తెంపింది. "కాబట్టి" దగ్గర చుక్కలు సరిగ్గా పెట్టింది, కింద రెండు, పైన ఒకటి. వరస చివరికి వచ్చేసరికి చెయ్యి దానంతటదే వాత వేయబోయింది. వీరమ్మ నిబ్బు పైకెత్తి ఆగింది. ఇంక వాత వేసుకోవాల్సిన పని లేదు. కలవడానికి పక్కన ఇంకో మంద లేదు.